ఆఖర్న ఎద్దు పటం

విరుదునగరం,
12 ఆగస్టు 1934.

మహాలక్ష్మీ సమానురాలైన వదిన పంచవర్ణానికి రంగమ్మాళ్ నమస్కరించి రాసేది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు, అన్న, అవ్వ క్షేమమని తలుస్తాను.

ఈ ఉత్తరం తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. పోయిన సెలవుల్లో నీకు నేర్పిన గుణింతం మరిచిపోలేదని నా నమ్మకం. మనింట్లో అందరం మాట్లాడేది తెలుగు, చదువు వచ్చినవాళ్ళు చదివేది అరవం. అరవంలో రాస్తే అన్న వీధి వాకిట్లోనే విప్పి, గొంతెత్తి ఊరందరికీ చదువుతాడు. పోయినసారి నాకు పేలు పట్టాయని రాసిన సంగతి పత్తి జిన్నింగు మిల్లు దాకా పోయింది. ఇట్లా రాస్తే కోవిల్‌పట్టి మొత్తంలో నువ్వొక్కదానివే చదవగలవు.

ఇక విషయం. మా బడికి ఒక పెట్టె వచ్చింది. రంగూన్‌లో వ్యాపారం చేసి తిరిగొచ్చిన పొన్నుసామి గారు అక్కడ వేలంలో కొన్నారట. అందులో అరచేతంత గాజు పలకలు ఉన్నాయి. ఒక్కొక్క పలక మీద ఒక్కొక్క పటం. దీపం ముందు పలక పెడితే ఎదురుగా కట్టిన తెల్లగుడ్డ మీద అదే పటం గోడంత పెద్దదవుతుంది. లోకంలోని జంతువులు, కొండలు, మనుషులు, వాళ్ళ పనిపాటలు, అన్నీ అందులో ఉన్నాయి. గీసిన బొమ్మలు కావు వదినా, ఉన్నవి ఉన్నట్టు తీసినవి.

పటాలు చూపిస్తూ పక్కన నిలబడి వివరం చెప్పే పని మా పెద్ద టీచరమ్మ నాకు ఇచ్చింది. ఆమె ఒంగోలు వైపు మనిషి. నాకు ఈ అక్షరాలు నేర్పింది ఆమే. నేను నోరు తెరిస్తే చాలు, "నీ తెలుగు మా ముత్తవ్వ తెలుగు రంగమ్మా" అని నవ్వుతుంది. ఈ పని బాగా చేస్తే వచ్చే జూన్‌లో చిన్నపిల్లలకు టీచరుగా తీసుకుంటానంది.

నాయన మాట నీకు తెలుసు కదా. పత్తి తీతకు ముందే ఇంటికి వచ్చెయ్యాలి, వచ్చిన వెంటనే నీ తమ్ముడు చెల్లసామితో పెళ్ళి. చెల్లసామితో నాకు తగవేమీ లేదు. కాని మన వంశంలో అక్షరం పట్టిన మొదటి ఆడపిల్లను నేను. ఆ అక్షరం ఒక్క పిల్లకైనా నేర్పకుండా ఇంటికి వచ్చేస్తే, నాలుగేళ్ళు హాస్టలు సాంబారు తిన్నది దండగ కదా?

నాకొక సాయం చెయ్యి. ఈ పటాలు చూడటానికి వచ్చే అమ్మలు సముద్రమైనా చూడలేదు. వాళ్ళకు ఎట్లా చెప్పాలో నాకు తెలియడం లేదు. మూడు పటాల సంగతి రాస్తున్నాను. మొదటిది: మంచుగడ్డల మీద మనుషుల్లా నిలబడిన పక్షులు, వీపు నలుపు, పొట్ట తెలుపు. రెండోది: వీధులకు బదులు నీళ్ళున్న ఊరు, ఇంటింటికీ పడవ. మూడోది: కడుపు మీద సంచి ఉండి, అందులో బిడ్డను పెట్టుకున్న జంతువు. అవ్వకు చదివి వినిపించు. ఏమంటుందో ఉన్నది ఉన్నట్టు రాయి.

ఇట్లు,
రంగమ్మాళ్

*

కోవిల్‌పట్టి,
శుక్రవారం.

రంగమ్మా,

నీ కాగితం వచ్చింది. మహాలక్ష్మీ సమానురాలంట! ఆ మహాలక్ష్మి పొద్దున పేడ చేత్తోనే నీ కాగితం అందుకునింది.

మీ అన్న దాన్ని నాలుగు పక్కలా తిప్పి చూసినాడు. "ఇదేమే, జిలేబీ పిండినట్టుండాది" అన్నాడు. "నాకేమీ రాయలేదా?" అన్నాడు. "రాసినాది, అన్నను ఎక్కువ తినొద్దని చెప్పమనినాది" అన్నా. రెండు రోజులుగా అన్నం తగ్గించి తింటా ఉండాడు, పాపం. నిజం చెప్పొద్దు.

చదివేదానికి ఒక సాయంత్రమంతా పట్టింది. అవ్వ పక్కన కూర్చుని చింతపండు గింజ తీస్తా వినింది. విని చెప్పింది విను.

ఆ పక్షులు పక్షులు కావంట, వకీళ్ళంట. నల్లకోటు, తెల్లచొక్కాయి, ముందుకొచ్చిన కడుపు. "కేసు వాయిదా పడినట్టుండాది, అందుకే అందరూ ఊరికే నిలబడినారు" అనింది. మంచుగడ్డ అంటే తూత్తుకుడి ఉప్పుకుప్ప మాదిరి ఉంటాదా అని అడిగింది. నాకేమి తెలుసు, "ఆఁ" అన్నా.

నీళ్ళ ఊరికి ఎదురింటామె బిందె దించి మరీ వచ్చింది. "వీధినిండా నీళ్ళా? తాగే నీళ్ళా, ఉప్పు నీళ్ళా?" అనింది. ఉప్పు నీళ్ళయితే ఆ ఆడోళ్ళు పడవెక్కి బిందె ఎత్తుకుని ఎక్కడికి పోతారో కనుక్కోమనింది. నీ పటంలో బిందె ఉండాదా చూడు. లేకుంటే ఆ పటం అబద్ధమంట.

సంచి జంతువుకు అవ్వ నవ్వలేదు. "పత్తి తీసేటప్పుడు మనం కొంగు ఎగదోపి ఒడి కట్టుకోమా? అట్ట కట్టుకునింది. పత్తికి బదులు బిడ్డ. అంతే" అనింది.

నిన్న మీ నాయన ఊరినుంచి మిరపకాయల బండితో వచ్చినాడు. నీ పని చెప్పినా. "తిరునాళ్ళలో గొట్టంలో కన్ను పెట్టించి పటాలు చూపించేవాడు ఏ పళ్ళికూడంలో చదివినాడు? మా వంశంలో ఆడపిల్ల పటాల పెట్టె మోసేదా?" అన్నాడు. నేను చెంబుడు మజ్జిగ ఇచ్చి లోపలికి వచ్చేసినా.

నా తమ్ముడు నీ కోసమని మీసం పెంచతా ఉండాడు. రోజూ ఆముదం రాస్తాడు. దూరం నుంచి చూస్తే ఉడత తోక. చెప్పేది చెప్పినా.

పంచవర్ణం

*

విరుదునగరం,
9 అక్టోబరు 1934.

ప్రియమైన వదినకు,

నిన్న మొదటిసారి పటాలు చూపించాం. బడి ఆవరణ నిండిపోయింది. నేను పుస్తకంలో చదివి పెట్టుకున్న నాలుగు పేజీలు నోటికి రాలేదు. గుడ్డ మీద ఆ పక్షులు వచ్చాయి. ఏం చెప్పాలో తెలియక, "వీళ్ళు వకీళ్ళు, వాయిదా పడింది" అన్నాను.

ఆవరణంతా ఘొల్లున నవ్వింది. ముందు వరసలో కూర్చున్న వకీలు గారు నవ్వలేదు. ఆయన భార్య నవ్వింది.

ఆ తర్వాత భయం పోయింది. నీళ్ళ ఊరి పటంలో నిజంగానే మూలన ఒక ఆడమనిషి రెండు బిందెల కావడి మోస్తూ ఉంది వదినా! అన్నిసార్లు చూసినా నేను గమనించలేదు. ఎదురింటామెకు చెప్పు, పటం నిజమే, వీధిలో ఉన్నది ఉప్పునీళ్ళే, మంచినీళ్ళకు వాళ్ళూ బావికి పోవాల్సిందే. ఇది చెప్పగానే ఇక్కడి అమ్మలంతా "అయ్యో" అన్నారు. మేడలకూ పడవలకూ ఎవరూ అయ్యో అనలేదు. టీచరమ్మ నా భుజం తట్టింది.

కాని ఒక్క చిక్కు ఉంది. నీకు చెప్పకపోతే నిద్ర పట్టదు.

ఆఖరి పటం ఒక ఎద్దుది. స్పెయిన్ అనే దేశంలో తీసింది. నల్లటి ఎద్దు, మన ఊళ్ళో దేవుడికి వదిలిన సామి ఎద్దు లాగే మూపు దగ్గర నిగనిగలాడుతూ, తల దించి నిలబడి ఉంది. దాని ముందు జరీ బట్టలు కట్టుకున్న మనిషి ఒకడు నడుము వంచి రెండు చేతులా ఒక గుడ్డ చాపి ఉన్నాడు. చుట్టూ వేలమంది జనం. చూడటానికి ఏదో పూజలాగే ఉంటుంది. పలక అంచున అతికించిన ఇంగ్లీషు చీటీ చదివాను. ఆ గుడ్డ వెనక కత్తి ఉందట. గుడ్డతో ఎద్దును ఊరించి, అలిసిపోయాక పొడిచి చంపుతారట. అది వాళ్ళ వేడుకట.

పొన్నుసామి గారికి పెట్టె మొత్తంలో ఈ పటమే ప్రాణం. ముందు వరసలో కూర్చుని "ఎద్దు ఎప్పుడమ్మా?" అని అడుగుతూనే ఉంటారు. ఎద్దు పటం లేకుండా పెట్టె కదలదు అన్నారు. నేను నిన్న దాని మీద రెండు మాటలు చెప్పి దీపం ఆర్పించాను. హాస్టలుకు వచ్చాక అన్నం తినబుద్ధి కాలేదు. అవ్వ పిలిస్తే సామి ఎద్దు వచ్చి ఆమె కొంగు నాకుతుంది కదా, అదే కళ్ళ ముందు ఉంది.

అన్నను కడుపునిండా తినమని చెప్పు.

రంగమ్మ

*

కోవిల్‌పట్టి,
అమావాస్య మరునాడు.

రంగమ్మా,

నీ సంచి జంతువుకూ నాకూ ఇప్పుడు పెద్ద తేడా లేదు. అర్థమయిందా టీచరమ్మా? అర్థం కాకుంటే ఇంకొకసారి చదువు.

అవ్వ నన్ను బావి దగ్గరికి పోనీయదు. మీ అన్న నన్ను చూసి ఊరికే నవ్వతా ఉండాడు, ఆయనే ఏదో పెద్ద పని చేసినట్టు.

ఇంక నీ సంగతి. మీ నాయన మళ్ళీ వచ్చినాడు. విరుదునగరంలో మిరపకాయల మండీలో ఎవరో చెప్పినారంట, "నీ బిడ్డ నిలబడి మాట్లాడితే వకీలు భార్య కూడా నవ్వింది" అని. ఆయనకు కోపమా సంతోషమా తెలియలేదు. మీసం కొరుక్కుంటా కూర్చున్నాడు. కడకు చెప్పినాడు: "ఆ పెట్టెను మన ఊరికి తెమ్మను. కళ్ళంలో నా కళ్ళ ముందర చూపించమను. అది మనింటి బిడ్డ చేయదగిన పనే అయితే ఉండనీ. కాదంటే అదే బండిలో సామాను దించుకోమను." పశువుల పండగ అయిన వారం అన్నాడు.

నన్ను మాత్రం రావొద్దన్నారు. ఆ బండి దోవలో పోతే బిడ్డ దోవలోనే దిగిపోతాదంట.

ఇప్పుడు నీ ఎద్దు పటం. రంగమ్మా, నీకు మతి ఉండాదా? మన ఊరి కళ్ళంలో, కాడి కట్టని సామి ఎద్దు ఉండే ఊరిలో, అది చచ్చిపోతే కొత్త బట్ట కప్పి పూడ్చే మనుషుల ముందర, ఎద్దును పొడిచే పటమా? మీ నాయన పెట్టెనూ నిన్నూ పొన్నుసామినీ కలిపి కట్టి పంపిస్తాడు. ఆ గాజు పలకను ఎక్కడైనా జారవిడువు. చేతికి నూనె రాసుకో, తానే జారతాది.

పగలగొట్టేదానికి మనసు రాకుంటే ఇంకొకటి చెప్తా. పూజ మాదిరి ఉంటాది అన్నావు కదా? మనం పశువుల పండగకు కొమ్ములకు కొత్త బట్ట కట్టమా? ఆ దేశంలోనూ పండగే, ఆ జరీ బట్టలోడు ఎద్దుకు కొత్త బట్ట పెడతా ఉండాడు అని చెప్పు. ఎవరికి తెలుస్తాది? ఆ చీటీ ఇంగిలీసులో ఉండాది. మన ఊళ్ళో ఇంగిలీసు తెలిసింది నీకూ తాలూకా కచేరీ నుంచి వచ్చే గుమాస్తాకూ. ఆ గుమాస్తాను ఎవడూ నమ్మడు.

పంచవర్ణం

*

విరుదునగరం,
20 నవంబరు 1934.

మహాలక్ష్మీ సమానురాలైన వదినకు,

శుభవార్త చదివి ఎగిరి గంతేశాను. మూడుసార్లు చదివాకే అర్థమయిందని ఒప్పుకుంటున్నాను. బావి దగ్గరికి పోవద్దు. మెట్లు ఎక్కొద్దు.

నీ రెండో సలహా గురించి. నేను పటాల మనిషిని కాదు, టీచరును కాబోతున్న దాన్ని. చీటీలో ఒకటి రాసి ఉంటే, చదవలేని వాళ్ళ ముందు నిలబడి ఇంకొకటి చెప్పడం నాకు చేతకాదు. మన ఊరి దావా కాగితాలు చదివి చెప్పే ఆ గుమాస్తాను ఎవరూ ఎందుకు నమ్మరో నీకు తెలుసు. గాజు పలక పగలగొట్టడం కూడా నా పద్ధతి కాదు.

పటం వేయవద్దని పొన్నుసామి గారిని మాత్రం బతిమాలి చూశాను. "నువ్వు రానంటే పో అమ్మా, నా ఎద్దు వస్తుంది" అన్నారు. కాబట్టి పటం వస్తుంది. ఎవరూ అడగకుండా ఉంటే వేగంగా దాటించేస్తాను. అంతకంటే నాకు వేరే దారి లేదు.

ఇట్లు,
రంగమ్మాళ్

*

కోవిల్‌పట్టి.

మహాసరస్వతీ సమానురాలైన మా ఆడబిడ్డకు,

సరి. నిజమే చెప్పు. చెప్పి, ఇంటికి వచ్చి, నా తమ్ముడి మీసానికి నువ్వే ఆముదం రాయి. నాకేమి? నా పుట్టింటికి చదువుకున్న కోడలు వస్తాది.

అవ్వకు నీ కాగితం చదివినా. కొంచెం నాకు తోచినట్టు చదివినా.

పంచవర్ణం

*

విరుదునగరం,
28 జనవరి 1935.

వదినా,

అయిపోయింది. నేను ఓడిపోయినట్టే అనిపిస్తోంది. అన్న ఊరినుంచి నీ దగ్గరికి వచ్చేలోపే ఈ ఉత్తరం చేరాలని రాస్తున్నాను. ఆయన చెప్తే ఒంటె సంగతి ఒక్కటే చెప్తాడు.

టీచరమ్మ, పొన్నుసామి గారు, నేను అరుప్పుకోట దాకా బస్సులో పోయాం. అక్కడినుంచి నాయన పంపిన బండి. కళ్ళంలో రెండు గుంజలు పాతి, అన్న పెళ్ళి పంచెలు రెండు కలిపి కుట్టి తెరగా కట్టారు. పొద్దు వాలేసరికి చుట్టుపక్కల పల్లెల మనుషులంతా గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నారు. నాయన ముందు వరసలో, పెట్టెకేసి కాకుండా నాకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆయన పక్కన అవ్వ. ఒడిలో ఏదో మడత పెట్టుకుని ఉంది.

దీపం దగ్గర పలకలు మార్చే పని అన్న చేస్తానన్నాడు. పలకను తలకిందులుగా పెడితేనే గుడ్డ మీద నిలువుగా వస్తుందని పదిసార్లు చెప్పాను. మొదటి పటమే ఒంటె. నాలుగు కాళ్ళూ ఆకాశానికి పెట్టి వచ్చింది. జనం ఈలలు. ఏమిటన్నా ఇది అంటే, "పాపం, నోరు లేనిది, దాన్ని ఎట్ట తలకిందులు చేసేది?" అన్నాడు.

తర్వాత బాగా జరిగింది. వకీళ్ళకు నవ్వారు. మన ఊరి దావా ఏళ్ళ తరబడి కోర్టులో నలుగుతోంది కదా, "వాయిదా" అనగానే నాయన కూడా పెదవి బిగబట్టి తల పక్కకు తిప్పుకున్నాడు. నేను చూశాను. సంచి జంతువు రాగానే ఆడవాళ్ళు "ఒడి! ఒడి!" అని అరిచారు. నేను చెప్పాల్సిన పనే లేకపోయింది. నీళ్ళ ఊరు చూసి ఒకాయన, అంత నీళ్ళు పెట్టుకుని పత్తి వెయ్యకుండా ఇళ్ళు కట్టినారే, బుద్ధి లేనోళ్ళు అన్నాడు.

పొన్నుసామి గారు "ఇంక ఎద్దు" అన్నారు. వెంటనే అవ్వ లేచి, "ఎద్దుకు బట్ట పెట్టే పటమేనా? అదేనా?" అంది. ఆ మాట అవ్వకు ఎట్లా తెలిసింది వదినా?

పటం వచ్చింది. అవ్వ వెనక్కి తిరిగి అందరికీ వినబడేట్టు చెప్పింది: "చూడండి! సముద్రాలకు అవతల కూడా పశువుల పండగే! వంగి దండం పెట్టి కొత్త బట్ట ఇస్తా ఉండాడు చూడండి!" జనం లేచి నిలబడ్డారు. తలగుడ్డలు తీశారు. కొందరు చేతులు జోడించారు. పొన్నుసామి గారు ఏదో చెప్పబోయి, ఆ చేతులు చూసి నోరు మూసుకున్నారు.

అప్పుడు నాయన లేచాడు. అందరి ముందూ నన్ను అడిగాడు. "అట్టేనామ్మా? ఆ చీటీలో అట్టే రాసుండాదా?"

ఒక్క 'ఊ' చాలు. నేను అబద్ధం కట్టక్కర్లేదు, అది అప్పటికే కట్టి నా ముందు నిలబెట్టి ఉంది. ఊరంతా నవ్వుమొహంతో నాకేసి చూస్తోంది. జూన్ నెల, చిన్నపిల్లలు, నల్లబల్ల, అన్నీ ఆ 'ఊ'లోనే ఉన్నాయి. నాయన వేలు మాత్రం ఆ చీటీ వైపు చాచి ఉంది.

"లేదు నాయనా," అన్నాను. "ఆ గుడ్డ వెనక కత్తి ఉంది. ఎద్దును పొడుస్తారు. చీటీలో అదే రాసి ఉంది."

నేను నా కాళ్ళకేసి చూసుకుంటున్నాను. జనం గుసగుసలు పోతే తలెత్తాను. అవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకుని, కర్ర కూడా లేకుండా తెర దగ్గరికి నడుస్తోంది. వెలుగు దారిలోకి పోయి ఆ జరీ బట్టల మనిషికీ ఎద్దుకూ మధ్య నిలబడింది. అవ్వ నీడ ఆ మనిషి మీద పడింది. మనిషి లేడు, గుడ్డ లేదు, కత్తి లేదు. తెర మీద ఎద్దు ఒక్కటే మిగిలింది.

అవ్వ ఒడిలోని మడత విప్పింది. ఎర్రంచు కొత్త తువ్వాలు. దాన్ని రెండు చేతులా పైకెత్తి పంచెకు ఆనించి పట్టుకుంది. ఎద్దు కొమ్ములు సరిగ్గా ఆ తువ్వాలు మీద పడ్డాయి వదినా.

"వాళ్ళు పెట్టకుంటే పోనీలే, మనం పెడతాం" అంది.

జనం చేసిన చప్పుడుకు కొట్టంలో పశువులు లేచాయి. పొన్నుసామి గారు పిల్లాడిలా చప్పట్లు కొట్టారు. నాయన మాత్రం కండువా భుజాన వేసుకుని కొట్టం వైపు వెళ్ళిపోయాడు. తెల్లారి మా బండి కట్టేటప్పుడు కూడా బయటికి రాలేదు. టీచరమ్మ దారంతా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

చెల్లసామికి ఆముదం నేనే కొనుక్కుని వస్తానని చెప్పు. నా పెట్టె సర్దుకున్నాను.

రంగమ్మ

*

కోవిల్‌పట్టి,
మంగళవారం.

ఒసే పిచ్చి రంగమ్మా, పెట్టె విప్పు.

నీ కాగితం వచ్చిన పొద్దే బండి కూడా వచ్చింది. ముందర అవ్వ దిగింది. దిగినామె నేరుగా వచ్చి, నేను కడుపుతో ఉండానని కూడా చూడకుండా, నా చెవి పట్టుకుని మెలి తిప్పింది. ఇప్పటికీ ఎర్రగా ఉండాది.

ఆ మాట అవ్వకు ఎట్ట తెలిసింది అని అడిగినావు కదా. నేనే. నువ్వు అబద్ధం చెప్పనన్నావు. సరి, చెప్పొద్దు, ఇంకొకరు చెప్పనీ అనుకున్నా. నీ కాగితం చదివేటప్పుడు, "ఎద్దుకు కొత్త బట్ట పెట్టే పటం ఉండాదంట అవ్వా" అని చదివినా. ఆమె నమ్మి, మన సామి ఎద్దు తరఫున తానూ ఒక తువ్వాలు పెట్టాలని కొని పెట్టుకునింది. అంతమంది ముందర ఆమె నోట అబద్ధం పలికించింది నేను. చెవి మెలితో పోయింది, ఇంకా ఎక్కువే పడాల్సింది.

తర్వాత మీ నాయన దిగినాడు. నేను మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడినా. తాగినాడు. మళ్ళీ అడిగి తాగినాడు. అప్పుడు చెప్పినాడు. ఆయన చెప్పినట్టే రాస్తా ఉండా, ఈసారి ఒక్క మాట కూడా నాది కాదు:

"పంచవర్ణం, ఆ గుడ్డ చూడగానే నాకు తెలుసు. ఎన్నేళ్ళుగా కొమ్ములకు బట్ట కట్టతా ఉండా నేను! బట్ట పెట్టేవాడు కొమ్ముకు ఎత్తతాడు. వాడు మోకాలి దగ్గర పట్టుకోనుండాడు. అందుకే అడిగినా. చదివినోళ్ళు మన దగ్గర చదివి చెప్పేది ఒకటి, కాగితంలో ఉండేది ఇంకొకటి. దావాలో మనం ఓడిందంతా అట్టే. నా బిడ్డ కూడా ఊ అనుంటే అప్పుడే బండి ఎక్కించుకోని వచ్చేసుందును. అది లేదు నాయనా అనింది. అంతమంది ముందర, దాని పని పోతాదని తెలిసి."

చెంబు కింద పెట్టినాడు. తర్వాత, "దానికి ఎదురుగా నిలబడి ఏమి చెప్పేదో నాకు తెలియలేదు. కొట్టంలోకి పోయి ఎద్దుకు చెప్పినా" అన్నాడు.

కాబట్టి నువ్వు ఉండొచ్చు. జూన్‌లో టీచరు కావొచ్చు. కాని రెండు షరతులు పెట్టినాడు. ఒకటి, ఇంగిలీసులో దావా కాగితాలు వచ్చినప్పుడంతా నువ్వే వచ్చి చదివి చెప్పాల, చేదుగా ఉన్నా చెప్పాల. రెండోది, ఆ ఎద్దు పటం ఎక్కడ వేసినా అవ్వ కూడా ఉండాల. "ఆ ఎద్దును ఒక్కదాన్నే ఆ కత్తి ముందర వదిలేసేది లేదు" అన్నాడు. పొన్నుసామి కూడా బండివానితో చెప్పి పంపినాడు, ఇంక ఆ ముసలామె లేకుండా పెట్టె కదలదంట.

అవ్వ మూట కట్టేసింది. ఎందుకవ్వా అంత తొందర అంటే, "నీ చదువు చూసినా కదా. ఇంక నా కాగితం నేనే చదువుకుంటా. ఆ ఒంగోలామె నేర్పిస్తాదంట" అనింది. ఇంక మన కాగితాలు ఇద్దరికే తెలిసేది కాదే!

నా తమ్ముడికి మీ నాయనే స్వయంగా చెప్పినాడు, మీసం ఇంకో రెండేళ్ళు పెంచుకోమని. "అంత పెద్దదయితే నేలకు తగలతాది మామా" అన్నాడంట. "జడ వేసుకో" అన్నాడంట ఈయన. మీ నాయన అంత మాట అన్నాడంటే నువ్వే అర్థం చేసుకో.

మీ అన్న ఒంటె సంగతి ఒక్కటే చెప్పినాడు.

వదిన

*

విరుదునగరం,
30 మార్చి 1935.

మా వదినకు,

నీ చెవి ఎట్లా ఉంది?

అవ్వ ఇక్కడ హాస్టలులో నా మంచం తీసుకుంది, నేను చాప మీద. టీచరమ్మ సాయంత్రమయితే ఆమె పక్కన చేరి ఊరికే మాట్లాడిస్తూ ఉంటుంది. ఈ మాటలు మా ముత్తవ్వ పోయాక ఎక్కడా వినలేదు అంటుంది. అవ్వకు ఆమె మాట నచ్చలేదు. "పాపం, మంచి మనిషే, తెలుగే సరిగ్గా రాదు" అంది నాతో.

ఇప్పటికి సాత్తూరులో, శివకాశిలో, ఇక్కడ మళ్ళీ ఒకసారి చూపించాం. ఆఖర్న ఎద్దు రాగానే నేను చీటీలో ఉన్నది ఉన్నట్టు చదువుతాను. చదివాక అవ్వ లేస్తుంది. శివకాశిలో ఆమె లేచేలోపే ముందు వరసలోని ఆడవాళ్ళు ముగ్గురు లేచి పోయి తెర ముందు నిలబడ్డారు. అవ్వకు కోపం వచ్చింది. "నా ఎద్దు అది, మీరు కూర్చోండి" అంది.

అక్షరాలు అ నుంచి మొదలుపెట్టమంటే వినలేదు. ముందు "ఎద్దు" నేర్పమంది. ఎ, ద, దానికి ఒత్తు, కొమ్ము. కొమ్ము గీసేటప్పుడు మాత్రం నవ్వింది, సరిగ్గానే పెట్టినారు పేరు అంది.

కింద ఉన్న రెండు వరసలు ఆమె రాసినవే. మూడు సాయంత్రాలు పట్టాయి. నేను చెయ్యి పట్టుకోలేదు.

రంగమ్మ

పంచవర్ణం. బిడ్డ పుట్టగానే రాయి. ఉండేది రాయి.
నేనే చదవతా. బొమ్మక్క.